ఊళ్లో ఐదు సంఘాలు: ఐక్యత ప్రార్థనలు, గుడ్‌ఫ్రైడే కలిసి చేయాలంటే ముందు ఏవి తేల్చుకోవాలి?

లంక_లేఖరి (ప్రశ్న)

అందరికీ వందనాలండి. కోనసీమలో ఓ మాదిరి ఊరు. కాలవకి అటూ ఇటూ అర కిలోమీటరు లోపే ఐదు సంఘాలు: లూథరన్ గుడి, బాప్టిస్టు గుడి, బ్రదరెన్ వాళ్ల మందిరం, ఆర్.సి.ఎం. (రోమన్ కతోలిక) చర్చి, పెంతెకోస్తు మందిరం. ఆదివారం పది అయ్యేసరికి ఐదు మైకులూ ఒకేసారి మోగుతాయి. వచ్చే జనవరి 18 నుంచి 25 దాకా క్రైస్తవ ఐక్యత ప్రార్థనలు, తర్వాత గుడ్‌ఫ్రైడే నాడు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ధ్యానం ఒకే పందిట్లో పెట్టుకుందామని పెద్దలు నోటిమాటగా ఒప్పుకున్నారు. కాగితం మీద ఇంకా ఏమీ లేదు.

తేలనివి మూడున్నాయి. ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) కలిసి తీసుకోవచ్చా? చిన్నప్పుడు బాప్తిస్మం అయినవాళ్లకి వేరే సంఘంలో మళ్లీ ఇస్తుంటే ఆ తగువు ఆపేదెలా? ఊరి సమాధుల దొడ్డి అందరికీ ఒక్కటే. దాని ఖర్చు ఎవరిది, పెత్తనం ఎవరిది? "ప్రేమగా ఉంటే అన్నీ సర్దుకుంటాయి" అనే జవాబు ఇప్పటికే చాలామంది ఇచ్చారు. పని జరిగే దారి చెప్పండి.

కాలవగట్టు

కలిసి ఏం చేస్తారో తర్వాత. ఏం చెయ్యరో ముందు రాసుకోండి. అరఠావు కాగితం చాలు. కలిసిన రోజుల్లో ప్రభు బల్ల పెట్టం. బాప్తిస్మం మీద బోధించం. ఇంకో సంఘం పేరు గానీ ఆచారం గానీ వేదిక మీద ఎత్తం. ఆ వేదిక మీంచి ఎవర్నీ మా ఆదివారం ఆరాధనకి రమ్మనం. ఐదుగురు కాపర్లతో పాటు సంఘానికొక పెద్ద కూడా సంతకం పెట్టాలి. కాపరి ఒక్కరే పెడితే ఆయన బదిలీ అయిన రోజున ఆ కాగితానికి దిక్కుండదు. లూథరన్ అయ్యగార్లకీ ఆర్.సి.ఎం. ఫాదర్లకీ బదిలీలు మామూలే కదండీ.

1952లో స్వీడన్‌లోని లుండ్‌లో సంఘాలు కూడినప్పుడు పెట్టుకున్న సూత్రం ఇదే: మనస్సాక్షి ఒప్పుకోని చోట తప్ప మిగతావన్నీ కలిసే చెయ్యాలి. ఊళ్లో అది నడవాలంటే ఆ ఒప్పుకోని చోటు ఎక్కడ మొదలవుతుందో ముందే గీత గీసుకోవాలి. లేకపోతే మూడో రోజు రాత్రి ఎవరో వాక్యం మధ్యలో గీస్తారు.

జనవరి 18 అంటే సంక్రాంతి వెళ్లీ వెళ్లకముందే. హైదరాబాద్ నుంచి వచ్చిన పిల్లలు అప్పటికి బస్సెక్కేస్తారు, దాళ్వా నాట్లు నడుస్తుంటాయి, నాట్లకెళ్లిన ఆడవాళ్లు ఇంటికొచ్చి వంట చేసుకునేసరికి ఏడవుతుంది. ఏడున్నరకి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకి ఆపెయ్యండి. ఎనిమిది రోజులూ కూటాలు పెడితే నాలుగో రోజుకి పాస్టర్లూ వాళ్ల ఇంటివాళ్లే మిగులుతారు. 18, 22, 25 చాలు. మిగతా రోజుల్లో ఎవరి మందిరంలో వాళ్లు ఆ రోజు వాక్యం చదివి, మిగిలిన నాలుగు సంఘాలనీ పేరు పెట్టి ప్రార్థించాలి. ఆ వారానికి వాక్యభాగాలు, ప్రార్థనలు ప్రపంచ సంఘాల మండలి, వాటికన్ కలిసి ఏటా తయారుచేస్తాయి, కొత్తగా రాసుకోనక్కర్లేదు. ఊళ్లో బైబిల్ మిషన్ వాళ్లుంటే 25 దాటాక ఏదీ పెట్టకండి, గుంటూరు మహాసభలకి బయల్దేరతారు.

గుడ్‌ఫ్రైడే లెక్క: పన్నెండు నుంచి మూడు దాకా 180 నిమిషాలు. మాటకి 15 చొప్పున 105, పాటకి 5 చొప్పున 35, మొదటి ప్రార్థనకీ చివరి ప్రార్థనకీ కలిపి 15. మిగిలేది 25. అది జారిపోయేది ప్రసంగాల్లోనే. పన్నెండో నిమిషంలో ఒక గంట, పదిహేనులో రెండు గంటలు కొట్టాలి. గంట కొట్టే మనిషి ఏ సంఘానికీ పాస్టరు కాకూడదు, రిటైరైన మేస్టారైతే శ్రేష్ఠం. ఆయన మాట ఎవరూ కాదనరు.

మాటలు పంచేటప్పుడు రెండు చోట్ల జాగ్రత్త. మూడో మాట, తల్లిని శిష్యుడికి అప్పగించింది. ఆర్.సి.ఎం. వాళ్లకి మరియమ్మ గురించి అది చాలా పెద్ద మాట. వేరేవాళ్లకిస్తే అదే అదనుగా మరియమ్మ మీద విమర్శకి దిగొచ్చు. రెండో మాట, దొంగకి పరదైసు. బాప్తిస్మం లేకుండానే రక్షణా, రక్షణకి బాప్తిస్మం కావాలా అని అక్కడ లాగుతారు. చీటీలు తీసి రెండు వారాల ముందే పంచండి. ఈ రెండూ ఎవరికొచ్చినా ఆ వచనాలు దాటి పోకూడదని అప్పుడే చెప్పండి.

ఫ్లెక్సీ మీద ఒక్క ఫోటో కూడా వద్దు. సంఘాల పేర్లు అకారాది వరసలో, ఒకే సైజు అక్షరాల్లో వెయ్యండి. బోధల తేడాల కంటే ఫోటోల వరస దగ్గర విరిగిన ఐక్యతలే ఎక్కువ. ఏ పార్టీ నాయకుణ్ణీ వేదిక ఎక్కించొద్దు. ఏప్రిల్ ఎండలో మూడు గంటలకి మనిషికి లీటరు నీళ్లు వేసుకోండి, 400 మందికి ఇరవై లీటర్ల క్యాన్లు 20.

నరసాపురం_విశ్వాసి

బ్రదరెన్ పెద్దలు పైకి సరేనన్నా చివర్లో ఎందుకు రారో చెప్తాను. 1836లో మన దేశం వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ దొరలు నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో పని మొదలుపెట్టిన నాటి నుంచీ ఈ సంఘాల పద్ధతి వేరు. అభిషేకం పొందిన పాదిరి అనే పదవి ఉండదు, పెద్దలే నడుపుతారు. కాబట్టి మీ కమిటీకి "పాస్టర్స్ ఫెలోషిప్" అని పేరు పెట్టిన నిమిషానే వాళ్లు బయటివాళ్లయిపోతారు. "సంఘాల కమిటీ" అనండి. ఫ్లెక్సీ మీద రెవరెండ్, బిషప్ బిరుదులు కూడా తీసెయ్యండి, అందరికీ "గారు" చాలు.

ప్రతి ఆదివారం రొట్టె విరవడం మా ఆరాధనకి గుండెకాయ. వేరే ఊరి విశ్వాసి వచ్చినా సిఫారసు ఉత్తరం చూసి కూర్చోబెడతారు. అంచేత కలిసి బల్ల అన్న మాటే ఎత్తకండి, కాలవగట్టుగారు రాసింది సరి.

కానుక సంచి తిప్పొద్దు. అవిశ్వాసుల దగ్గర ప్రభువు పనికి డబ్బు తీసుకోరాదని మా పెద్దలంటారు, బహిరంగ కూటంలో ఎవరు ఎవరో తెలీదు. గుమ్మం పక్కన పెట్టె పెడితే వెయ్యాలనుకున్నవాళ్లు వేస్తారు. అది విప్పేటప్పుడు వేర్వేరు సంఘాల వాళ్లు ఇద్దరుండాలి, లెక్క అక్కడికక్కడే రాసి చదవాలి. దేనికి ఖర్చు పెడతారో ముందు రోజే చెప్పాలి.

అందరూ కలిసి విశ్వాస ప్రమాణం పలకాలని పట్టుబడితే మా వరసలు మౌనంగా నిలబడతాయి, చూసేవాళ్లకి అది తిరుగుబాటులా కనబడుతుంది. ఎఫెసీ 4:4-6 చదివించండి. ఒకే శరీరం, ఒకే ప్రభువు, ఒకే బాప్తిస్మం అని అక్కడే ఉంది, ఎవరూ నోరు మూసుకోనక్కర్లేదు. స్త్రీలు వాక్యం చెప్పడం కూడా మా దగ్గర చిక్కే. మార్చి మొదటి శుక్రవారం ప్రపంచ ప్రార్థన దినం ఎలాగూ ఆడవాళ్లే నడుపుకుంటారు, ఆ రోజు వాళ్లకి వదిలెయ్యండి.

కాలవగట్టు

చివరి మాట దగ్గర ఆగాలండి. లూథరన్, బాప్టిస్టు స్త్రీల సమాజాలు ఊళ్లో అన్ని సంఘాల కంటే బలమైనవి. జనాన్ని తెచ్చేదీ వాళ్లే, పందిరి కింద చాపలు పరిచేదీ వాళ్లే. వాళ్లని పాటలకీ వాక్యపఠనానికీ కూడా లేవనివ్వకపోతే రెండో ఏడాది జనం ఉండరు. ప్రసంగం సంగతి వదిలేసినా చదవడం, ప్రార్థన చెయ్యడం ఉండాలి. ఇది కూడా ఆ అరఠావు కాగితంలోకే రావాలి, అప్పటికప్పుడు తేల్చేది కాదు.

ఉపదేశి_గోదావరి

ఆర్.సి.ఎం. వైపు ఏది కుదురుతుందో, ఏది కుదరదో చెప్తాను. ఇందులో చాలావరకు ఊరి ఫాదర్‌గారి చేతిలో ఉండదు, కాబట్టి ఆయన్ని ఇరకాటంలో పెట్టకండి.

కలిసి ప్రార్థించడానికి అడ్డు లేదు. 1964 నవంబరు 21న రెండో వాటికన్ మహాసభ క్రైస్తవ ఐక్యత మీద డిక్రీ ఇచ్చిన దగ్గర్నుంచి అది ప్రోత్సహించేదే. దివ్యసత్ప్రసాదం, అంటే మా ప్రభు బల్ల, మాత్రం వేరు. 1983 చర్చి చట్టం 844వ నిబంధన ప్రకారం మామూలుగా కతోలికులకే ఇస్తారు, కతోలికులు కూడా వేరేచోట తీసుకోకూడదు. మరణాపాయం లాంటి సందర్భాలకి కొన్ని మినహాయింపులున్నాయి గానీ అవి పండగ కూటాలకి వర్తించవు. ఇతర సంఘాల కాపర్లతో కలిసి పూజ చెయ్యడం 908 ప్రకారం ఫాదర్‌కి నిషేధం. "ఒక్కసారికి కానివ్వండి ఫాదర్" అని అందరి ముందూ అడగడమంటే ఆయన చేత కాదనిపించి అవమానించడమే.

పవిత్ర శుక్రవారం మాకు దివ్యబలిపూజ ఉండదు. శ్రమల ప్రార్థన మూడు గంటల ప్రాంతంలో, సిలువ మార్గం వేరే. పైగా ఒక విచారణ (పారిష్) కింద మూడు నాలుగు ఊళ్లుంటాయి, ఒకే ఫాదర్ అన్నీ తిరగాలి. మీ పందిరి మూడు దాకా సాగితే ఆయన ఒక మాట చెప్పి మధ్యలో లేచిపోవాలి, అది బావుండదు. పదకొండున్నరకి మొదలుపెట్టి రెండున్నరకి ముగించండి. నిమిషాలు అవే 180, మా వాళ్లు నడిచి చర్చికి వెళ్లడానికి అరగంట మిగులుతుంది.

పరలోక ప్రార్థన అందరూ చెప్తారు గానీ మా వాడుక వేరు, మీ వాడుక వేరు. మీరు చివర రాజ్యము, బలము, మహిమ కలుపుతారు. మొదటి వాక్యానికే జనం చెల్లాచెదురవుతారు. ఒకటే పాఠం కాగితం మీద అచ్చేసి పంచండి.

బాప్తిస్మం విషయం: నీళ్లతో, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో అయిన జ్ఞానస్నానాన్ని మేం మళ్లీ ఇవ్వం. లూథరన్, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం), బాప్టిస్టు రిజిస్టరు కాపీ తెస్తే చాలు. "యేసు నామంలో మాత్రమే" ఇచ్చే గుంపుల దగ్గర అయితే విచారిస్తారు.

మీరు అడగలేదు గానీ ఊళ్లో అసలు తంటా పెళ్లిళ్ల దగ్గర వస్తుంది. కతోలిక పిల్ల బాప్టిస్టు కుర్రాణ్ణి చేసుకుంటే పీఠాధిపతి (బిషప్పు) దగ్గర అనుమతి కావాలి, పెళ్లి బాప్టిస్టు గుళ్లో అయితే దానికి వేరే మినహాయింపు. మూడు నెలల ముందే విచారణ గురువుల దగ్గరికి వెళ్లాలి. పొద్దున ఒక గుళ్లో ప్రమాణాలు, సాయంత్రం ఇంకో గుళ్లో మళ్లీ ప్రమాణాలు కుదరవు, 1127వ నిబంధన దాన్ని తప్పని చెప్తుంది. ఒకచోటే ప్రమాణాలు, రెండో కాపరి వచ్చి వాక్యం చదివి ప్రార్థన చెయ్యొచ్చు. శుభలేఖ అచ్చుకి ఇచ్చేముందే ఇది తేలాలి.

గౌతమి_పాయ

బాప్తిస్మం తగువుకి వస్తాను. ముందు ఒకటి ఒప్పుకోవాలి: ఊళ్లో ఎవరు ఏ సంఘం అన్నది చాలావరకు సిద్ధాంతం తేల్చింది కాదు. నరసాపురం వైపు బ్రదరెన్, రాజమండ్రి వైపు లూథరన్, 1874 నుంచి కాకినాడలో కెనడియన్ బాప్టిస్టులు. ఏ దొర ముందొచ్చాడో ఆ పేట ఆ సంఘమైంది. ఇప్పటికీ సంఘం పేరు చెప్తే ఏ పేటో, ఏ కులమో చెప్పెయ్యగలిగే ఊళ్లున్నాయి. అలాంటి చోట బాప్తిస్మం మీద వాదన పైకి కనబడేది మాత్రమే, కింద పేటల మధ్య పాత కోపాలుంటాయి. కమిటీలో పేటకొకరు ఉన్నారో లేదో కూడా చూసుకోండి.

ఇక సిద్ధాంతం. లూథరన్లు, కతోలికులు, సి.ఎస్.ఐ. వాళ్లు చంటిపిల్లలకి ఇచ్చింది బాప్తిస్మమే అంటారు, కాబట్టి మళ్లీ ఇస్తే దేవుడు చేసిన పనిని కొట్టేసినట్టు. బాప్టిస్టు, బ్రదరెన్, పెంతెకోస్తు వాళ్లకి విశ్వాసం ఒప్పుకోకుండా జరిగింది బాప్తిస్మమే కాదు, కాబట్టి వాళ్ల లెక్కలో వాళ్లు ఇచ్చేది మొదటిదే. 1982లో పెరూ దేశపు లిమాలో సిద్ధమైన బాప్తిస్మం, ప్రభు భోజనం, పరిచర్య పత్రం, మళ్లీ ఇచ్చినట్టు అర్థమయ్యే పని ఏదైనా మానుకోవాలంది. ప్రపంచ స్థాయిలోనే పూర్తిగా తెగనిది మీ ఊరి కమిటీ తెంచలేదు. తెంచాల్సిన పని కూడా లేదు. మీరు ఆపగలిగింది దొంగచాటుగా జరగడాన్ని.

నరసాపురం_విశ్వాసిగారు చెప్పిన సిఫారసు ఉత్తరాన్నే ఐదు సంఘాలకీ వాడండి. పేరు, పుట్టిన తేదీ, బాప్తిస్మం తేదీ, ఎక్కడ, ఎలా అయింది, బల్లలో పాలుందా, క్రమశిక్షణ చర్య ఏదైనా నడుస్తోందా. ఇంతే, అరపేజీ. ఇంకో సంఘం మనిషి బాప్తిస్మం అడిగితే ఆ సంఘం కాపరికి ముందు ఫోన్ చెయ్యాలి, ఉత్తరానికి 30 రోజులు ఆగాలి. అవతలి వాళ్లు కోపంతో ఉత్తరం తొక్కిపెడితే 30 రోజుల తర్వాత కమిటీకి చెప్పి ముందుకెళ్లొచ్చు. ఈ గడువు లేకపోతే ఉత్తరం ఇవ్వకపోవడమే ఆయుధమవుతుంది. పద్దెనిమిది లోపు పిల్లలకి అమ్మానాన్నల సంతకం కావాలి. ఐక్యత కూటాలు అయిన మూడు నెలల దాకా ఎవరూ ఎవరి మనుషులకీ ఇవ్వకూడదు. ఏప్రిల్ వచ్చేసరికి "కాలవల్లో నీళ్లు కట్టేస్తున్నారు, ఈలోపే ముంచెయ్యాలి" అని తొందరపడే అలవాటుంది. తొట్టి ఉన్న మందిరాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి, కాలవ సాకు చెల్లదు.

ఇంకో సంఘంలో క్రమశిక్షణ చర్యలో ఉన్నవాడు రాగానే సండేస్కూలో పాటల బృందమో అప్పగించకండి, ఏడాది ఆగండి. చీలికలు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే.

అందరూ ఒకే సంఘమైపోతే ఈ కాగితాలెందుకని ఎవరో ఒకరు అంటారు. 1919లో తమిళనాడులోని తరంగంబాడిలో దోర్నకల్ బిషప్ అజరయ్యగారు వగైరాలు సంఘాలు ఒక్కటవ్వాలని పిలుపిచ్చాక, సి.ఎస్.ఐ. ఏర్పడేసరికి 1947 సెప్టెంబరు 27 వచ్చింది. 28 ఏళ్లు. అజరయ్యగారు 1945లోనే కన్నుమూశారు. అడ్డు పడ్డవాటిలో పెద్దది పాత పాదిర్లకి బిషప్పు మళ్లీ అభిషేకం చెయ్యాలా అన్నది. ఉన్నవాళ్లని ఉన్నట్టే తీసుకుని, ఇకమీదట అభిషేకాలు మాత్రం బిషప్పులే చేస్తారని తేల్చుకున్నారు. అయినా నంద్యాల వైపు ఆంగ్లికన్ సంఘాలు కొన్ని రాలేదు, మన లూథరన్లూ బాప్టిస్టులూ రాలేదు. వాళ్లే తర్వాత 1964లో రాజమండ్రిలో ఉమ్మడి వేదాంత కళాశాలకి కలిశారు. ఇప్పుడది హైదరాబాద్‌లో ఉంది. బల్ల కుదరని చోట చదువు కుదిరింది.

లంక_లేఖరి

చాలా ఉపయోగం అండి. పదకొండున్నర టైము, 30 రోజుల ఉత్తరం రెండూ కాగితంలోకి ఎక్కించాను. సమాధుల దొడ్డి గురించి ఎవరూ చెప్పలేదు. పది సెంట్లు. వానాకాలం గొయ్యి తీస్తే మూడడుగులకే నీరు. కొందరు సిమెంటు సమాధులు కట్టేసి చోటు బిగించేశారు.

మెరకపొలం

ముందు భూమి కాగితం చూడండి. చాలా ఊళ్లలో అది పోరంబోకు, అప్పుడు ఏ సంఘానికీ సొంతం కాదు. సర్వే నంబరు పెట్టి తహసీల్దారు ఆఫీసులో అడంగల్ తీయించండి. ఏదైనా ఒక మిషన్ పేర ఉంటే వాళ్లు రాతపూర్వకంగా అందరికీ వాడుక ఇవ్వాలి, లేకపోతే మిగతావాళ్లు పెట్టే మట్టి ఖర్చు రేపు తగువు అవుతుంది.

పది సెంట్లంటే 4,356 చదరపు అడుగులు. గొయ్యి ఏడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. చుట్టూ ఎడంతో కలిపి ఒక్కోదానికి తొమ్మిదింటికి ఐదు, అంటే 45 చదరపు అడుగులు. నడక దారి పోను 80 దాటవు. అంచేత సిమెంటు కట్టడాలు ఇకమీదట ఆపాలి. పేరు, తేదీలు ఉన్న చిన్న రాయి మాత్రం తలవైపు పెట్టుకోవచ్చు. కట్టేసినవాటిని ముట్టుకోకండి, ఆ కుటుంబాలతో వైరం తప్ప ఏమీ రాదు. వరసలకి నంబర్లేసి పటం గీసి, పుస్తకంలో ఎక్కించండి. సంఘాల వారీగా వరసలు పంచొద్దు, వచ్చినవాళ్లు వచ్చిన వరసలోనే. సంఘానికో మూల ఇస్తే పదేళ్లలో మధ్యలో గోడలు లేస్తాయి. ఆర్.సి.ఎం. వాళ్లు గొయ్యిని విడిగా ఆశీర్వదించుకుంటారు, దానికి వేరే మూల అక్కర్లేదు.

నీటికి మందు మెరకే. మూడడుగులు లేపాలంటే 13,000 ఘనపుటడుగుల పైచిలుకు మట్టి. ట్రక్కుకి వంద చొప్పున 130 ట్రాక్టర్లు, కుంగుడు కలిపి 160 అనుకోండి. పాత సమాధులున్న చోట మట్టి పోసే ముందు రాళ్లన్నీ పైకి తీసి నంబరేసి పక్కన పెట్టాలి, ఆ ఇంటివాళ్లని పిలిచి చూపించి మరీ తియ్యాలి. కాలవలు కట్టేశాక చెరువు పూడిక తీస్తారు, ఆ మట్టికి పంచాయతీలో ముందే తీర్మానం పెట్టించుకోండి. జూన్ వానలకి ముందు పోసెయ్యాలి. మొదటి వానకాలం అంతా అది కుంగుతుంది, ఆ ఏడు కొత్త గోతులు ముందునుంచీ మెరకగా ఉన్న చోటే తియ్యండి.

ఖర్చు సంఘాల వారీగా సమానంగా పంచకండి, పాతిక కుటుంబాల మందిరం రెండొందల కుటుంబాల గుడితో సమానంగా ఇవ్వలేదు. ఇంటికింత అని వెయ్యండి. గుడ్‌ఫ్రైడే పెట్టె డబ్బు కూడా ఇక్కడికే పోతుందని చెప్తే జనం చేతులు విప్పుతారు.

భూస్థాపన ఎవరు చెయ్యాలి అంటే చనిపోయినవాళ్లు ఏ సంఘంలో బల్లలో పాలు పొందారో ఆ సంఘం. కొడుకు సంఘం, కూతురి సంఘం లెక్క కాదు. మిగతా కాపర్లలో ఒక్కరే, మూడు నిమిషాల ప్రార్థన. ఏ సంఘంలోనూ లేనివాళ్లకి కమిటీ వంతులవారీగా చెయ్యాలి. చందా బాకీ ఉందని గొయ్యి తియ్యనివ్వకపోవడం ఉండకూడదని పుస్తకం మొదటి పేజీలోనే రాయండి. శుభ్రం చెయ్యడం ఏడాదికి రెండుసార్లు, ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధనకి ముందు శనివారం, నవంబరు 2న ఆర్.సి.ఎం. వాళ్ల మృతుల పండుగకి ముందు. ఐదు సంఘాల కుర్రాళ్లూ కత్తులు, గడ్డపారలు పట్టుకుని వస్తే రెండు గంటల పని.

కాలవగట్టు

మెరకపొలంగారు చెప్పినదాంతో మొదలుపెట్టడమే సుళువని నాకనిపిస్తోంది, లేఖరిగారూ. దొడ్డి పటానికి సంతకాలు తీసుకోవడానికి వెళ్లినప్పుడే అరఠావు కాగితం కూడా చూపించండి. అన్నీ నవంబరు నెలాఖరులోపే అవ్వాలి. డిసెంబరు వచ్చిందంటే సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి, ఏ పాస్టర్‌గారూ ఇంట్లో దొరకరు.